ఓటు వేరైతే ప్రభువు బల్ల వేరవుతుందా?

ప్రశ్న: టీచరుగారికి వందనాలు. మాది పల్నాడు జిల్లాలో ఒక పల్లె. తాతల నాటి నుంచి లూథరన్ సంఘం. డెబ్భై గడప ఉంటాం. నేను స్త్రీల సమాజం కార్యదర్శిని. 2024 ఎన్నికల్లో మా ఆయన ఒక పార్టీకి బూత్ ఏజెంటుగా కూర్చున్నారు. మా బావగారు సంఘ పెద్ద, ఆయన రెండో పార్టీ. పోలింగు మే 13 సోమవారం. ముందు రోజు ఆదివారం ఆరాధనలో అయ్యగారు ప్రసంగం చివర "రేపు ఫలానా గుర్తుకు వేయనివాడు దేవుని పనికి అడ్డం పడినట్టే, ఆ ఇంటికి ఆశీర్వాదం ఉండదు" అన్నారు. మా ఆయన మధ్యలోనే లేచి బయటికి నడిచారు. వెనకే పదిళ్లవాళ్లు లేచారు.

ఫలితాలు వచ్చాక ఇంకా ముదిరింది. ఆరాధన అయ్యాక గుమ్మం దగ్గర అయ్యగారు అందరికీ చెయ్యి కలుపుతారు, మా ఆయన వంతు వచ్చేసరికి పక్కవాళ్లతో మాటల్లో పడతారు. ఒక బల్ల ఆదివారం, అంటే ప్రభువు రొట్టె, ద్రాక్షారసం పంచే రోజు, "మనసు సరిచేసుకుని వచ్చే నెల రా" అని వెనక్కి పంపేశారు. పోయిన కోత పండుగ వేలంలో మా పెరటి గుమ్మడికాయ పెడితే, అన్నదమ్ములిద్దరూ పంతానికి పోయి పాట 4,200 దాకా తీసుకెళ్లారు. పాట దక్కించుకున్న బావగారు డబ్బు కట్టి, కాయని బలిపీఠం మెట్టు మీదే వదిలేసి వెళ్లిపోయారు. ఇప్పుడు పంచాయతీ ఎన్నికల మాటలు మొదలయ్యాయి. పదిళ్లవాళ్లు రేకుల షెడ్డు వేసుకుని వేరే పాస్టరుని పెట్టుకుందామంటున్నారు, మా ఆయన కూడా. పిల్లలు పెదనాన్న ఇంటికి ఎందుకు వెళ్లకూడదని అడుగుతున్నారు. ఏం చేయమంటారు?
– ఒక సోదరి, పల్నాడు జిల్లా

జవాబు: అమ్మా, షెడ్డు వేయనివ్వకండి. అది ముందు చెప్పి తర్వాత మిగతాది మాట్లాడతాను. గుంటూరు, పల్నాడు, ప్రకాశం పల్లెల్లో ఒకే వీధిలో మూడేసి గుళ్లు ఎలా లేచాయో నాకు తెలుసు. ప్రతి షెడ్డూ "కొన్నాళ్లకే" అని మొదలవుతుంది. తర్వాత దానికి మైకు వస్తుంది, వేరే క్రిస్మస్ వస్తుంది, వేరే సమాధుల స్థలం అడగడం వస్తుంది. రేపు మీ పిల్లల పెళ్లి సంబంధాలు కూడా ఆ గోడకి అటూ ఇటూ చూసుకుని కుదురుతాయి. ఎన్నికలు ఐదేళ్లకోసారి పోతాయి, గోడ పోదు.

పార్టీల పేర్లు నేనే తీసేశాను. మీ ఉత్తరం చదివేవాళ్లు ఎవరిది తప్పో తేల్చే ముందు ఎవరు ఎటో చూసుకోకూడదని.

అయ్యగారు ఆ ఆదివారం అన్న మాట తప్పు. మెత్తగా చెప్పడానికి వీల్లేని తప్పు. ఓటరుకి దైవాగ్రహం కలుగుతుందని గానీ, మతం నుంచి శిక్ష పడుతుందని గానీ నమ్మించి ఓటు అడగడం ఈ దేశంలో నేరం. అప్పటికి అమల్లో ఉన్న ఐపీసీలో అది 171-సి సెక్షన్, 2024 జూలై నుంచి వచ్చిన భారతీయ న్యాయ సంహితలో 171. బ్రిటిషువాళ్ల కాలం నుంచీ ఉన్న మాటే. అభ్యర్థి సమ్మతితో అలా చేయిస్తే ప్రజాప్రాతినిధ్య చట్టం 123 కింద గెలిచిన ఎన్నికే పోవచ్చు. గుడిని, మసీదుని, చర్చిని పార్టీ ప్రచారానికి వాడకూడదని 1988లో విడిగా ఒక చట్టమే చేశారు. దాన్ని మీరితే ఐదేళ్ల దాకా జైలు. మతం పేరుతో ఓట్లు అడగడం మీద 2017 జనవరిలో సుప్రీంకోర్టు ఏడుగురు జడ్జీల ధర్మాసనం నలుగురు–ముగ్గురుగా చీలినా, అభ్యర్థి మతమే కాదు, ఓటరు మతం పేరు చెప్పి అడిగినా చెల్లదనే తేల్చింది.

ఇదంతా పోలీసుస్టేషనుకి వెళ్లమని చెప్పడం లేదు. ఎన్నిక మీద పిటిషను వేయడానికి గడువు 45 రోజులే, అది ఎప్పుడో దాటింది. పైగా కేసు పెడితే మీ బావగారికీ మీ ఆయనకీ మధ్య మిగిలిన ఆ కాస్త దారీ మూసుకుపోతుంది. రేపు మీరు సంఘ కమిటీలో కూర్చున్నప్పుడు "ఇది మీ ఇంటి పౌరుషం" అని ఎవరూ తీసిపారేయకుండా ఉండటానికి చెబుతున్నాను. మీ ఆయన నొచ్చుకున్నది ఒట్టి పౌరుషం కాదు.

అయ్యగారు అలా ఎందుకన్నారో కూడా చూద్దాం. 2023 మే 3న మణిపూర్‌లో మొదలైన మంటల్లో గుళ్లు కాలిపోయాయి, మనుషులు చచ్చిపోయారు, ఆడపిల్లల మీద జరిగిన ఘోరం ఫోన్లలో దేశమంతా చూసింది. మన పల్లెల్లో ఆ ఏడాదంతా ప్రతి ఉపవాస కూటంలో మణిపూర్ పేరు ఎత్తి ఏడ్చారు. ఢిల్లీలో ఉన్న పార్టీ ఇక్కడ పొత్తులో ఉందనేసరికి చాలామంది పాస్టర్లకి నిజంగా భయం వేసింది. అది కల్పించుకున్న భయం కాదు. దానికి తోడు, కానుక సంచిలో వారానికి మూడు వందలు రాని పల్లె సేవకుడికి ప్రభుత్వం నెలనెలా ఇచ్చే 5,000 గౌరవ వేతనం పెద్ద ఊరట. కానీ ఆ డబ్బు ఏ పార్టీ ఖజానాలోంచీ రాలేదు. కూలి పనికి పోయే మీ పక్కింటావిడ సబ్బుబిళ్ల కొన్నా పన్ను కడుతుంది, అందులోంచి వచ్చింది. ఇచ్చిన చెయ్యికి ఓటు బాకీ ఉందని అనుకోవడం మొదలైతే పాస్టరు నోరు పాస్టరుది కాకుండా పోతుంది.

మీ ఆయనకీ ఆయన కారణాలు ఉన్నాయి. రోడ్లు, రాజధాని, డిగ్రీ చదివి ఇంట్లో కూర్చున్న పిల్లలు, ఆ ఎన్నికల్లో ఊరూరా మాట్లాడుకున్న భూహక్కుల చట్టం. ఎకరమో అరెకరమో ఉన్న మనిషికి పట్టాదారు పాసుపుస్తకం గురించి బెంగ పెట్టుకోవడం అవిశ్వాసం కాదు. ఆ ఎన్నికల్లో 175 సీట్లలో కూటమికి 164 వచ్చాయి. అంత పెద్ద గాలి వీచినప్పుడు అది ఒక్క క్రైస్తవ గడప కూడా తాకకుండా పోయిందని అనుకోలేం. మీ సంఘంలోనే పదిళ్లు లేచి వెళ్లాయి, లేవకుండా కూర్చున్నవాళ్లలో ఎందరు అటు వేశారో ఎవరికి తెలుసు? తెలియకుండా ఉండటం కోసమే కదా ఆ అట్టపెట్టె చాటు పెట్టింది.

తెలుగు క్రైస్తవులు ఎప్పుడూ ఒక్క ఓటు కాదు. 1955 ఆంధ్ర మధ్యంతర ఎన్నికలు నాకు లీలగా గుర్తు. మా నాన్న మిషను బడిలో పంతులు, కాంగ్రెసు. మా మేనమామ వ్యవసాయ కూలీ సంఘంలో తిరిగేవాడు, కమ్యూనిస్టు. కమ్యూనిస్టులు వస్తే గుళ్లు ఉండవని ప్రచారం జోరుగా సాగింది. మా నాన్న ఆ మాటే పట్టుకుని భోజనాల దగ్గర వాదించేవాడు. "గుడి పోతే మళ్లీ కట్టుకుంటాం బావా, కూలి రేటు ఎవరు కడతారు?" అని మామయ్య. ఆ ఎన్నికల్లో కమ్యూనిస్టులు 15 సీట్లకి పడిపోయారు. ఫలితం తెలిసిన రోజు రాత్రి మామయ్య అన్నం తినలేదు. మా నాన్నే వెళ్లి లేపి, చెంబుతో నీళ్లిచ్చి, కంచం ముందు కూర్చోబెట్టాడు. ఆ ఆదివారం ఇద్దరూ ఎప్పట్లాగే ఒకే బల్ల దగ్గర మోకరించారు. వాళ్ల వాదన మాత్రం ఆగలేదు, మా నాన్న పోయేదాకా సాగింది.

ఇంకా వెనక్కి వెళ్తే, అసలు క్రైస్తవులకి వేరే ఓటు ఉండేది. 1932లో బ్రిటిషు ప్రభుత్వం ప్రకటించిన కమ్యూనల్ అవార్డులో భారతీయ క్రైస్తవులకి కూడా ప్రత్యేక నియోజకవర్గాలు ఇచ్చారు. మద్రాసు శాసనసభలో 215 స్థానాల్లో ఒక మహిళా స్థానంతో కలిపి 9 మనవి. మనవాళ్లు మనవాళ్లకే వేసుకోవాలి. దోర్నకల్ బిషప్ అజరయ్యగారు ఈ పద్ధతిని గట్టిగా వ్యతిరేకించారు. క్రైస్తవులు చుట్టూ ఉన్న జనం నుంచి విడిపోయి, సొంత లాభం చూసుకునే ఒక గుంపుగా మారిపోతారని ఆయన బాధ. తర్వాత రాజ్యాంగ సభలో మతం పేరుతో సీట్లు వద్దని 1949 మేలో నిర్ణయించినప్పుడు, ఆ సభకి ఉపాధ్యక్షుడుగా ఉన్న హెచ్.సి. ముఖర్జీ కూడా క్రైస్తవుడే, ఆయనా వద్దన్నవాడే. అంటే మన పెద్దలు తెలిసి తెలిసి గుంపు ఓటుని వదులుకున్నారు. చట్టం తీసేసిన కంచెని ఇప్పుడు ప్రసంగ వేదిక మీంచి మనమే మళ్లీ నాటుకుంటే ఎలా?

కొరింథీ సంఘానికి పౌలు రాసిన మొదటి పత్రిక మొదటి అధ్యాయం స్త్రీల సమాజంలో మీరు ఎన్నోసార్లు చదివించి ఉంటారు. నేను పౌలువాడను, నేను అపొల్లోవాడను, నేను కేఫావాడను అని కొట్టుకునేవాళ్ల జాబితాలో నాలుగో జట్టు ఒకటి ఉంది చూడండి: "నేను క్రీస్తువాడను" అనేవాళ్లు. పౌలు వాళ్లని మెచ్చుకుని పక్కన పెట్టలేదు. వాళ్లనీ ఆ మూడు జట్ల వరసలోనే నిలబెట్టి, క్రీస్తు విభజింపబడి యున్నాడా అని అడిగాడు. మా గుర్తే దేవుడి గుర్తు అనేవాళ్లు ఆ నాలుగో జట్టు. వాళ్లు అయ్యగారి పక్షాన ఉన్నారు. రేపు షెడ్డులో "అసలైన విశ్వాసులం మేమే" అన్నారంటే మీ ఆయన పక్షాన కూడా ఉంటారు.

బల్ల దగ్గర నుంచి మనిషిని వెనక్కి పంపడం గురించి నాకు చాలా కోపంగా ఉంది. బహిరంగమైన పాపం చేసి, చెప్పినా విననివాణ్ణి కొంతకాలం ఆపడం సంఘ క్రమంలో ఉంది. ఓటు పాపం కాదు, బూత్ ఏజెంటుగా కూర్చోవడం పాపం కాదు. ఆ రొట్టె, ఆ ద్రాక్షారసం అయ్యగారి సొంతం కావు. ఈ ఒక్క విషయంలో మీరు రాజీ పడకండి.

ఇక చేయాల్సిన పని. మత్తయి 18లో వరస ఉంది, అదే పాటించండి. ముందు మీ ఆయన ఒక్కరే అయ్యగారి ఇంటికి వెళ్లాలి. ఆదివారం కాదు, పని రోజు సాయంత్రం. "మీరు ఓటు గురించి అన్నదానికి కాదు, నన్ను బల్ల నుంచి పంపినందుకు బాధపడ్డాను" అని ఆ ఒక్క మాటే చెప్పాలి. పార్టీ ఊసు ఎత్తకూడదు. ఆయన వినకపోతే ఇద్దరు పెద్దమనుషుల్ని వెంటబెట్టుకుని రెండోసారి. వాళ్లలో ఒకరు రెండో పక్షంవాళ్లు అయి తీరాలి. అప్పటికీ కాకపోతే సంఘ కమిటీ, ఆ తర్వాత సంఘాలన్నిటికీ పైన ఉండే సినడ్‌కి కాగితం. కమిటీలో ఒక తీర్మానం రాయించండి: ఎన్నికల తేదీ వచ్చిన రోజు నుంచి లెక్కింపు అయ్యేదాకా గుడి మైకులో, గుడి వాట్సాప్ గ్రూపులో, గుడి ఆవరణలో పార్టీ పేరు, గుర్తు, కండువా ఉండకూడదు. సంఘ పెద్ద గానీ కోశాధికారి గానీ బూత్ ఏజెంటుగా కూర్చుంటే ఎన్నికలు అయ్యేదాకా ఆ పదవి నుంచి పక్కకి తప్పుకోవాలి. ఇది మీ బావగారికి ఎంత వర్తిస్తుందో, రేపు మీ ఆయన పెద్ద అయితే ఆయనకీ అంతే వర్తిస్తుంది.

ఇంకొక్కటి. మీ ఉత్తరం మూడుసార్లు చదివాను. అయ్యగారి పార్టీ ఉంది, బావగారి పార్టీ ఉంది, మీ ఆయన పార్టీ ఉంది. మీ ఓటు ఎక్కడా లేదు. మీ తోడికోడలి ఓటూ లేదు. ఎవరికి వేశారని నేను అడగను, మీరు ఎవరికీ చెప్పనక్కర్లేదు. కానీ మగవాళ్లు లేచి బయటికి నడిచినప్పుడు ఆ పదిళ్ల ఆడవాళ్లంతా మనస్ఫూర్తిగా లేచారా, లేక భర్త లేచాడని లేచారా? నాకు తెలిసినంతలో పల్లె గుళ్లలో ఆరాధనకి వచ్చేవాళ్లలో ఎక్కువమంది ఆడవాళ్లే, కానుక సంచిలో పడే చిల్లరా వాళ్లదే. స్త్రీల సమాజం కూటం ఇప్పటికీ రెండు పక్షాలవాళ్లతో కలిసి జరుగుతోందా? జరుగుతుంటే మీ సంఘం ఇంకా విడిపోలేదన్నమాట. ఈసారి కూటం మీ తోడికోడలి ఇంట్లో పెట్టించండి. పిల్లల్ని తీసుకుని వెళ్లండి. పెదనాన్న ఇంటికి ఎందుకు వెళ్లకూడదన్న ప్రశ్నకి జవాబు చెప్పకుండానే తీరిపోతుంది.

ప్రశ్న: టీచరుగారూ, ఒంగోలు దగ్గర బాప్టిస్టు సంఘం మాది. నాన్న డీకను. సర్టిఫికెట్ ఎస్సీ మాదిగ. ఎస్సీ రిజర్వేషన్ల వర్గీకరణ వచ్చాక మా యూత్‌లో చీలిక వచ్చింది. పక్క పేటలో మాల సోదరుల సంఘంతో కలిసి ఆదివారం సాయంత్రం క్రికెట్ ఆడేవాళ్లం, అది ఆగిపోయింది. "మనకి ఇచ్చినవాడికే ఓటు" అని మావాళ్లు, "మన నోటి దగ్గరిది లాక్కున్నవాడికి ఓటెలా వేస్తాం" అని వాళ్లు. మరోవైపు క్రైస్తవులకి ఎస్సీ హోదా లేదంటున్నారు. ఈ గొడవలో సంఘం ఏం మాట్లాడాలి?
– ఒక యువకుడు, ప్రకాశం జిల్లా

జవాబు: తమ్ముడూ, 1878 జూలైలో మీ వెల్లంపల్లి దగ్గర గుండ్లకమ్మ ఏట్లో ఒక్కరోజే 2,222 మంది బాప్తిస్మం తీసుకున్నారు. ఎక్కువమంది మీ పేటలవాళ్లే. 1876–78 నాటి పెద్ద కరువులో కాలవ పనికి పోయి బతికిన జనం. వాళ్లు నీళ్లలోంచి లేచి వచ్చాక కూడా పేట పేటగానే ఉంది, గుడి కూడా పేట పేరుతోనే నిలిచింది. అందుచేత నువ్వు చెప్పే చీలిక 2024లో పుట్టింది కాదు. వర్గీకరణ చెల్లుతుందని సుప్రీంకోర్టు 2024 ఆగస్టు 1న చెప్పింది, మన రాష్ట్రం 2025లో రెల్లి ఉపకులాలకి 1, మాదిగ ఉపకులాలకి 6.5, మాల ఉపకులాలకి 7.5 శాతంగా పంచింది. అడుగున ఉన్నదే ఇప్పుడు పైకి తేలింది. పంపకం న్యాయమని నా అభిప్రాయం. మీ పక్కపేట అన్నదమ్ముడు అన్యాయమనుకుంటే అతనూ బిడ్డల చదువు గురించే మాట్లాడుతున్నాడని గుర్తుంచుకో. దాని మీద ఓట్లు చీలనీ, పర్వాలేదు.

సంఘం మాట్లాడాల్సింది ఇంకొకటి ఉంది. 1950 ఆగస్టు 10న వచ్చిన రాష్ట్రపతి ఉత్తర్వులో మూడో పేరా హిందువుల్ని మాత్రమే షెడ్యూల్డు కులాలుగా గుర్తించింది. 1956లో సిక్కుల్ని చేర్చారు, 1990లో బౌద్ధుల్ని చేర్చారు. క్రైస్తవుల్ని, ముస్లింల్ని చేర్చలేదు. రంగనాథ్ మిశ్రా కమిషన్ 2007లో ఆ పేరా తీసేయమంది. మన శాసనసభ 2023 మార్చిలో దళిత క్రైస్తవులకి హోదా ఇవ్వాలని తీర్మానం చేసి పంపింది. 2025 ఏప్రిల్ 30న మన హైకోర్టు, ఒక పాస్టరు పెట్టిన అట్రాసిటీ కేసును, మతం మారాక ఎస్సీ హోదా ఉండదని కొట్టేసింది. మారినవాళ్లకి ఇక్కడ మిగిలింది బీసీ–సి కోటాలో 1 శాతం. ఊరవతల పేట మారలేదు, బావి దగ్గర తిట్టే తిట్టు మారలేదు, కాగితం ఒక్కటి మారింది. చదువుకోసం పిల్లవాడు క్రైస్తవ పేరు దాచుకోవాల్సి వస్తే ఆ తప్పు పిల్లవాడి కంటే ముందు ఆ మూడో పేరాది.

కాబట్టి రెండు పేటల యూత్ కలిసి ఒక కాగితం రాయండి. మూడో పేరా మీద మీ వైఖరి ఏమిటని ఒక్కటే ప్రశ్న. పంచాయతీలో నిలబడేవాళ్లకి కాదు, వాళ్ల చేతిలో ఏమీ లేదు. ఎంపీకి, ఎమ్మెల్యేకి, అన్ని పార్టీల జిల్లా అధ్యక్షులకీ ఒకే ప్రతి ఇవ్వండి. వచ్చిన జవాబుల్ని, రానివాళ్ల పేర్లని నోటీసుబోర్డులో అంటించండి. ఎవరికి వేయాలో మాత్రం రాయొద్దు. క్రికెట్ సంగతి, మీరే ముందు బంతి పట్టుకుని వెళ్లి పిలవండి. పక్కపేట వాళ్లు ముందు పిలవాలని చూడొద్దు.

ప్రశ్న: మేం టెక్సాస్‌లో ఉంటాం, తెలుగు ఫెలోషిప్‌కి వెళ్తాం. గర్భస్రావం విషయంలో మా పెద్దలంతా రిపబ్లికన్లు. వీసాల మీద, వలసవాళ్ల మీద జరుగుతున్నది చూసి మా పిల్లలు డెమొక్రాట్లు. ప్రార్థన అంశాలు చెప్పేటప్పుడే గొడవ.
– ఒక తండ్రి, డాలస్

జవాబు: అన్నయ్యా, మీ ఇంట్లో రెండు పక్షాలూ వాక్యం పట్టుకునే మాట్లాడుతున్నాయి. పుట్టని బిడ్డ గురించి బాధపడే మనిషినీ, పరదేశిని బాధించవద్దని నిర్గమకాండం చదివే పిల్లనీ మీరే పెంచారు. ఒక వాక్యాన్ని ఇంకో వాక్యంతో గెలవాలని చూడకండి. 2025 సెప్టెంబరులో కొత్త హెచ్-1బీ దరఖాస్తుకి లక్ష డాలర్ల రుసుము పెట్టినప్పుడు మీ ఫెలోషిప్‌లోనే ఎవరింట్లోనో రాత్రంతా నిద్ర పట్టి ఉండదు. ఆ ఇంటి కోసం ప్రార్థించడానికి ఎవరి పార్టీ అడ్డం? ప్రార్థన అంశంలో మనిషి పేరు చెప్పమనండి, నాయకుడి పేరు కాదు. వచ్చే శనివారం కూటంలో మీ అబ్బాయి చేత అంశాలు చదివించండి, మీరు ప్రార్థన చేయండి.